నాన్నగారి బీసీఆర్-ఏబీఎల్ పరీక్ష రెండు ల్యాబుల్లో రెండు రకాలుగా వచ్చింది: ఈ సంఖ్యను ఎలా చదవాలి?

ప్రశ్న
వ్రాసినవారు: వైనతేయ తీరం

సభ్యులందరికీ నమస్కారం. మా నాన్నగారి వయస్సు 61 సంవత్సరాలు. రాజోలు దగ్గర మా ఊళ్లో కొబ్బరితోట, కొంత వరిచేను చూసుకుంటూ ఉంటారు. 2019 ఆగస్టులో హెర్నియా ఆపరేషనుకు ముందు చేసిన మామూలు రక్తపరీక్షలో తెల్లకణాలు 1,80,000 ఉన్నాయని తేలింది. అక్కడి నుంచి మొదలైన పరీక్షలు చివరికి క్రానిక్ మైలాయిడ్ లుకేమియా అనే రక్త క్యాన్సరు అని నిర్ధారించాయి. అప్పటి నుంచి ఇమాటినిబ్ 400 మిల్లీగ్రాముల బిళ్ల రోజుకు ఒకటి చొప్పున వాడుతున్నారు.

వ్యాధి ఎంత మిగిలి ఉందో చూపే బీసీఆర్-ఏబీఎల్ పరీక్షలో, మందు మొదలుపెట్టిన మూడో నెలలో 6.2 శాతం, ఆరో నెలలో 0.8 శాతం వచ్చాయి. తరువాత లాక్‌డౌన్ వల్ల పన్నెండో నెలలో చేయించవలసిన పరీక్ష పధ్నాలుగో నెలకు జరిగింది, అప్పుడు 0.13 వచ్చింది. 2021 చివరికి 0.04కు దిగింది. 2022 జులై వరదల సమయంలో ఒకసారి పరీక్ష తప్పింది గాని, ఆ తరువాత ఎప్పుడు చేయించినా 0.02కు, 0.04కు మధ్యనే ఉంటూ వచ్చింది.

ఇన్నేళ్లుగా నమూనా తీసుకుంటున్న కలెక్షన్ సెంటరు ఈ మధ్య మూతపడడంతో, ఈసారి అమలాపురంలో మరొక ల్యాబు వారికి రక్తం ఇచ్చాము. ఫలితం 0.31 శాతం అని వచ్చింది. పాత రిపోర్టులన్నింటిలో సంఖ్య పక్కన "ఇంటర్నేషనల్ స్కేల్" అన్న మాట ఉండేది, ఈ కొత్త రిపోర్టులో ఆ మాట లేదు, "బీసీఆర్-ఏబీఎల్1, ఏబీఎల్1 నిష్పత్తి" అని మాత్రమే ఉంది. అదే రోజు చేయించిన రక్తకణాల లెక్క పూర్తిగా మామూలుగా ఉంది. తెల్లకణాలు 6,400, ప్లేట్‌లెట్లు 2,10,000. నాన్నగారికి జ్వరం, నీరసం, ఆకలి మందగించడం వంటివి ఏవీ లేవు.

మా బాబాయి గారు "కణాల లెక్క బాగుంది గదా, ఆ కాగితం పక్కన పెట్టండి" అంటున్నారు. మా బావగారు మాత్రం మందు పనిచేయడం మానేసిందేమో, మార్చమని అడగండి అంటున్నారు. ఆయనే రెండు నెలల క్రితం, కొంతమంది రోగులు మందు పూర్తిగా ఆపేసి కూడా బాగానే ఉంటున్నారని ఎక్కడో చదివి వచ్చి, మనమూ అడుగుదామన్నారు. హైదరాబాదులోని మా డాక్టరు గారి అపాయింట్‌మెంటుకు ఇంకా మూడు వారాలు ఉంది. ఈలోపు నేను చేయవలసినది ఏమైనా ఉందా? వ్యాధి తిరగబెట్టినట్టేనా, లేక ల్యాబు మారడం వల్ల వచ్చిన తేడాయేనా?


సమాధానం 1
వ్రాసినవారు: పీసీఆర్ బల్ల

నేను పదకొండేళ్లుగా ఒక మాలిక్యులర్ ల్యాబులో ఇదే పరీక్ష చేస్తున్నాను. మా సొంత ఊరు ముమ్మిడివరం దగ్గర. చికిత్స గురించి చెప్పే అర్హత నాకు లేదు గాని, ఆ సంఖ్య ఎలా పుడుతుందో చెప్పగలను. అది తెలిస్తే మీ సందేహంలో సగం తీరుతుందని నా నమ్మకం.

ఈ వ్యాధిలో 9వ, 22వ క్రోమోజోముల ముక్కలు ఒకదానితో ఒకటి తారుమారై అతుక్కుంటాయి. 1960లో ఫిలడెల్ఫియాలో నోవెల్, హంగర్‌ఫర్డ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు గమనించిన పొట్టి క్రోమోజోము దీని ఫలితమేనని 1973లో జానెట్ రౌలీ తేల్చారు. ఆ అతుకు దగ్గర ఏర్పడే కొత్త జన్యువే బీసీఆర్-ఏబీఎల్1. ఆరోగ్యకరమైన కణాల్లో ఉండని ఈ జన్యువు తాలూకు ఆర్‌ఎన్‌ఏ ప్రతులు రక్తంలో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టడమే మా పని.

మన ప్రాంతపు పోలికతో చెబుతాను. విత్తనపు వరిచేలో కేళీలు, అంటే వేరే రకం మొక్కలు, ఎన్ని ఉన్నాయో తెలుసుకోవాలంటే కేళీలను మాత్రమే లెక్కపెట్టి ఊరుకుంటే చాలదు, మొత్తం ఎన్ని వెన్నులు పరిశీలించామో కూడా చెప్పాలి. పది వేల వెన్నులు చూసి ముగ్గురం కలిసి ఒక్క కేళీ కూడా కనిపించలేదంటే ఆ మాటకు విలువ ఉంటుంది. గట్టు మీద నిలబడి రెండు వందల వెన్నులు చూసి కేళీలు లేవంటే ఏ విత్తనాధికారీ ఒప్పుకోడు. మా పరీక్షలో ఆ "మొత్తం వెన్నుల" స్థానంలో ఉండేది ఏబీఎల్1 అనే సాధారణ జన్యువు ప్రతుల లెక్క. అందుకే ఫలితం ఎప్పుడూ నిష్పత్తిగా వస్తుంది. 0.01 శాతం కంటే తక్కువ ఉందని చెప్పాలంటే ఆ నమూనాలో కనీసం 10,000 ఏబీఎల్1 ప్రతులు కనిపించి ఉండాలి. 0.0032 శాతం వరకు దిగి మాట్లాడాలంటే 32,000 ప్రతులు కావాలి. మీ రిపోర్టులో ఈ సంఖ్య ఎక్కడైనా చిన్న అక్షరాల్లో ఉందేమో చూడండి. లేకపోతే ఆ ల్యాబుకు ఫోను చేసి అడగండి, అడిగితే చెబుతారు.

ఇక స్కేలు సంగతి. పూర్వం మన ఊళ్లలో కుంచం ఒక్కొక్క ఊరికి ఒక్కొక్క కొలతగా ఉండేదని పెద్దలు చెప్పగా విన్నాము. ఈ పరీక్ష కూడా మొదట్లో అలాగే ఉండేది. ఒక్కొక్క ల్యాబు తనకు నచ్చిన యంత్రం, రసాయనాలు, పోలికకు పెట్టుకునే సాధారణ జన్యువు వాడి తన లెక్క తాను చెప్పేది. ఒకచోట 0.1 అంటే మరొకచోట 0.4 కావచ్చు. ఈ గందరగోళం పోగొట్టడానికి 2005లో అమెరికాలోని బెథెస్డాలో సమావేశమైన నిపుణులు అంతర్జాతీయ స్కేలును ప్రతిపాదించారు. చికిత్స మొదలుపెట్టే ముందు రోగుల్లో ఉండే ప్రామాణిక స్థాయిని 100గా తీసుకుని, దాని నుంచి వెయ్యి వంతులు తగ్గితే 0.1 శాతం అన్నారు. ప్రతి ల్యాబు తన కొలతను ఈ స్కేలులోకి మార్చుకోవడానికి ఒక గుణకం సంపాదించుకోవాలి. ఆ గుణకంతో గుణించిన తరువాతనే రెండు ల్యాబుల సంఖ్యలను పక్కపక్కన పెట్టి చూడవచ్చు. ఉదాహరణకు ఒక ల్యాబు గుణకం 0.4 అనుకుంటే, దాని ముడి లెక్కలో 0.31 అన్నది అంతర్జాతీయ స్కేలులో 0.124 అవుతుంది. గుణకం 1.5 అయితే 0.465 అవుతుంది. కొత్త ల్యాబు గుణకం తెలియనంత వరకు మీ నాన్నగారి 0.03కు, 0.31కు మధ్య పోలిక కుంచానికీ కిలోకూ మధ్య పోలిక వంటిదే.

కనుక "వ్యాధి పది రెట్లు పెరిగింది" అని ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. అలాగని "ఏమీ పెరగలేదు" అని కూడా చెప్పలేరు. ఈ రెండో మాట కూడా గుర్తుంచుకోండి, ఎందుకంటే స్కేలు తేడా అని తెలియగానే చాలామంది ఊపిరి పీల్చుకుని కాగితం మడిచి పెట్టేస్తారు.

ఒకే ల్యాబులో, ఒకే యంత్రం మీద చేసినా కొంత ఊగిసలాట ఉంటుంది. పీసీఆర్ అనే ఈ పరీక్షలో యంత్రం ప్రతులకు చక్రాలు చక్రాలుగా నకళ్లు తీస్తుంది, ఒక్కొక్క చక్రానికి ప్రతుల సంఖ్య రెట్టింపు అవుతుంది, పది రెట్ల తేడా అంటే సుమారు 3.3 చక్రాలు మాత్రమే. ఒక్క చక్రం అటూ ఇటూ అయితే సంఖ్య రెండింతలో సగమో అవుతుందన్నమాట. అందువల్ల 0.02 నుంచి 0.04కు పెరిగితే దాన్ని పెరుగుదల అనుకోనక్కరలేదు. సంఖ్య ఎంత చిన్నదైతే ఈ ఊగిసలాట అంత ఎక్కువ.

చివరిగా నమూనా. ఆర్‌ఎన్‌ఏ చాలా సున్నితమైన పదార్థం, రక్తం గొట్టంలోకి వచ్చిన క్షణం నుంచి అది చివికిపోతూనే ఉంటుంది. ఊదారంగు మూత ఉన్న ఈడీటీఏ గొట్టంలో తీసిన రక్తం 24 గంటల్లో, మరీ తప్పనిసరి అయితే 48 గంటల్లో ల్యాబుకు చేరాలి. హెపారిన్ ఉన్న ఆకుపచ్చ మూత గొట్టం పనికిరాదు, హెపారిన్ ఈ పరీక్షను అడ్డుకుంటుంది. మీరు ఏ వారం రోజున రక్తం ఇచ్చారు? ల్యాబులో ఏ రోజు అందుకున్నారు? ఈ రెండు తేదీలు కూడా రిపోర్టులోనే ఉంటాయి.


సమాధానం 2
వ్రాసినవారు: గౌతమి హెమటాలజీ

నేను రక్తవ్యాధుల విభాగంలో పనిచేస్తున్న వైద్యుడిని. మీ నాన్నగారిని చూడలేదు, పూర్తి రికార్డు నా ముందు లేదు. కాబట్టి ఇది చికిత్స సలహా కాదు, మీ డాక్టరు గారితో మాట్లాడేటప్పుడు ఏమి అడగాలో తెలియడానికి వ్రాస్తున్నాను.

ముందుగా మీ బాబాయి గారి మాట. కణాల లెక్క మామూలుగా ఉండడం మంచిదే, కాని ఈ వ్యాధిలో అది తొలి మెట్టు మాత్రమే. వ్యాధి బయటపడే నాటికి శరీరంలో లక్ష కోట్ల వరకు వ్యాధి కణాలు ఉండవచ్చునని, 0.1 శాతం స్థాయికి దిగేటప్పటికి కూడా వంద కోట్ల వరకు మిగిలి ఉండవచ్చునని స్థూలంగా అంచనా వేస్తారు. పీసీఆర్‌లో ఏమీ కనిపించలేదన్నా పది లక్షల దాకా దాగి ఉండే అవకాశం ఉంది. అంతటి వ్యాధి మిగిలి ఉన్నా కణాల లెక్క చక్కగానే ఉంటుంది. లెక్క పాడయ్యే దాకా ఆగితే చాలా ఆలస్యమైనట్టే. మిగులు వ్యాధిని కొలవడానికి ఇంత సున్నితమైన పరీక్ష పెట్టుకున్నది ఈ కారణంగానే.

యూరోపియన్ లుకేమియా నెట్ అనే నిపుణుల బృందం 2020 సూచనల ప్రకారం మూడో నెలకు 10 శాతానికి, ఆరో నెలకు 1 శాతానికి, పన్నెండో నెలకు 0.1 శాతానికి దిగితే చికిత్స ఆశించినట్టు సాగుతున్నట్టు. మీ నాన్నగారు పధ్నాలుగో నెలకు 0.13 దగ్గర ఉండడం స్వల్పమైన వెనుకబాటు మాత్రమే, తరువాత ఆయన చక్కగా దిగారు. ఒకసారి 0.1 దిగువకు వెళ్లిన వ్యక్తికి అంతర్జాతీయ స్కేలు మీద నిజంగా 0.1కు, 1కి మధ్య విలువ వస్తే దాన్ని హెచ్చరిక స్థాయి అంటారు. 1 శాతం దాటితే చికిత్స విఫలమైనట్టు పరిగణించి మందు మార్చే ఆలోచన చేస్తారు. హెచ్చరిక స్థాయి అంటే రేపే మందు మార్చమని కాదు, దగ్గరగా గమనించమని, కారణం వెతకమని. ఇక్కడ హెచ్చరిక ఉందో లేదో కూడా ఇంకా తేలలేదు. మళ్లీ రక్తం ఇచ్చి, పాత ల్యాబులోనే, పాత స్కేలు మీదనే పరీక్ష చేయించడం మొదటి పని. అపాయింట్‌మెంటు దాకా ఆగనక్కరలేదు, మీ డాక్టరు గారి కార్యాలయానికి ఫోను చేసి అనుమతి తీసుకుని ఇప్పుడే చేయించితే, ఆయన ముందు కూర్చునే నాటికి ఫలితం మీ చేతిలో ఉంటుంది.

రెండో పరీక్షలో కూడా పెరిగినట్టు తేలితే మేము ఎప్పుడూ మొదట అడిగే ప్రశ్న ఒకటే: బిళ్లలు రోజూ వేసుకుంటున్నారా? ఈ ప్రశ్నకు రోగులు దాదాపు అందరూ "వేసుకుంటున్నాను" అనే అంటారు, అబద్ధమాడాలని కాదు, తప్పిన రోజులు మనిషికి గుర్తుండవు. 2010లో లండన్‌లో 87 మంది రోగుల మందు సీసాల మూతల్లో చిన్న ఎలక్ట్రానిక్ చిప్పులు అమర్చి, మూత ఎప్పుడు తెరిచారో మూడు నెలల పాటు నమోదు చేశారు. 90 శాతం కంటే ఎక్కువ బిళ్లలు వేసుకున్నవారిలో ఆరేళ్లకు 0.1 శాతానికి దిగే అవకాశం 94.5 శాతం ఉండగా, 90 శాతమూ అంతకంటే తక్కువా వేసుకున్నవారిలో అది 28.4 శాతమే. నెలకు మూడు బిళ్లలు తప్పితే చాలు, 90కి వచ్చేస్తాము.

వేరే మందుల సంగతి కూడా కనుక్కోండి. క్షయకు వాడే రిఫాంపిసిన్, మూర్ఛకు వాడే ఫెనిటోయిన్, కార్బమజిపిన్ వంటివి ఇమాటినిబ్‌ను కాలేయంలో త్వరగా విరిచేసి రక్తంలో దాని మోతాదును తగ్గిస్తాయి. ఇవేవీ లేకుండా, బిళ్లలు సక్రమంగా వేసుకుంటూ కూడా సంఖ్య పెరుగుతూ పోతే, అప్పుడు జన్యువులో మార్పులు వచ్చాయేమో చూసే మ్యుటేషన్ పరీక్ష చేయిస్తారు. టీ315ఐ అనే మార్పు వస్తే ఇమాటినిబ్, డాసాటినిబ్, నీలోటినిబ్ మూడూ పనిచేయవు, పోనాటినిబ్ వంటివి కావాలి. మీరు ఇంకా అంత దూరం రాలేదు, ఇప్పటి నుంచే ఆ దిగులు పెట్టుకోకండి.

మందు ఆపడం గురించి ఒక్క మాట. అది నిజమే, ఫ్రాన్సులో 2010లో వెలువడిన అధ్యయనం తరువాత చాలా దేశాల్లో చేస్తున్నారు. కాని దానికి ఐదేళ్ల చికిత్సతో పాటు, కనీసం రెండేళ్లు 0.01 శాతం దిగువనే నిలకడగా ఉండడం అవసరం. మీ నాన్నగారి అత్యుత్తమ విలువ 0.02. బావగారికి ఈ లెక్క చూపించండి.


సమాధానం 3
వ్రాసినవారు: పాలకొల్లు టీచరమ్మ

డాక్టరు గారు, ల్యాబు సోదరుడు చెప్పిన వాటికి నేను కలపగలిగినది అనుభవం మాత్రమే. ఈ వ్యాధితో నేను పదకొండవ సంవత్సరంలో ఉన్నాను. 2014లో నాకు వ్యాధి బయటపడింది. అంతకు ముందు సంవత్సరం ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు గ్లివెక్ (ఇమాటినిబ్ బ్రాండు పేరు) పేటెంటు దరఖాస్తును త్రోసిపుచ్చడంతో జెనరిక్ బిళ్లలు మనకు అందుబాటులో కొనసాగాయి. ఆ తీర్పు రాకపోయి ఉంటే టీచరు జీతంతో నేను ఏమి చేసేదాన్నో ఊహించుకోలేను.

నమూనా గురించి. మొదటి రెండేళ్లలో ఒకసారి శనివారం మధ్యాహ్నం రక్తం ఇచ్చాను. ఆదివారం కొరియరు లేదు, సోమవారం సెలవు, మంగళవారం సాయంత్రం అది హైదరాబాదు చేరింది. "నమూనా పనికిరాదు" అని తిప్పి పంపారు. ఆ రిపోర్టు రాకపోవడమే నాకు మేలు చేసింది, పాడైన నమూనా మీద ఏదో ఒక సంఖ్య వేసి పంపి ఉంటే నేను దాన్నే నమ్మేదాన్ని. అప్పటి నుంచి సోమవారం గాని మంగళవారం గాని ఉదయమే ఇస్తాను, లేదా సెలవు పెట్టి నరసాపురం ఎక్స్‌ప్రెస్ ఎక్కి హైదరాబాదులోనే ఇచ్చి వస్తాను. మీకు చించినాడ వంతెన దాటితే పాలకొల్లు స్టేషను దగ్గరే.

ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. తేదీ, ల్యాబు, స్కేలు, సంఖ్య, ఏబీఎల్ ప్రతులు, ఆ మూడు నెలల్లో ఎన్ని బిళ్లలు తప్పాయి, వేరే ఏ మందులు వాడాము, ఇవన్నీ ఒకే వరుసలో వ్రాస్తే ఐదు నిమిషాల్లో డాక్టరు గారికి ఐదేళ్ల కథ తెలుస్తుంది. నా డాక్టరు గారు ఫైలు కంటే ముందు ఆ పుస్తకమే అడుగుతారు.

మందు ఆపే ప్రయోగం నేను చేశాను. రెండేళ్లకు పైగా 0.01 దిగువన ఉన్నాక, డాక్టరు గారి పర్యవేక్షణలోనే, 2022లో ఆపాము. మొదటి ఆరు నెలలు నెలనెలా పరీక్ష చేయించాలన్న షరతు మీద ఒప్పుకున్నారు. రెండో నెలలో మోకాళ్లు, భుజాలు విపరీతంగా నొప్పులు పుట్టాయి, మందు ఆపినప్పుడు కొందరికి అలా వస్తుందట, తరువాత తగ్గింది. ఐదో నెలలో సంఖ్య 0.1 దాటింది. వారం తిరగకుండా బిళ్ల మళ్లీ మొదలుపెట్టాను, మూడు నెలల్లో తిరిగి కిందికి వచ్చింది. ఆపినవారిలో సగం మందికి ఇలాగే జరుగుతుందని, అదీ ఎక్కువగా మొదటి ఆరు నెలల్లోనే జరుగుతుందని ముందే చెప్పారు కాబట్టి నేను కుంగిపోలేదు. నెలనెలా నమూనా చేర్చగల స్తోమత, ఓపిక లేనివారు ఈ జోలికి పోకూడదు.

మరొక విషయం, మీ తోటలో పంపరపనస చెట్టు ఉందా? కోనసీమలో ఇంటికొకటి ఉంటుంది గదా. ఆ పండు ఈ మందుతో పడదని నాకు మొదటి రోజే చెప్పారు. మీ నాన్నగారి సంఖ్య పెరగడానికి అదే కారణమేమో చూడండి.


సమాధానం 4
వ్రాసినవారు: గౌతమి హెమటాలజీ

టీచరమ్మ గారి చివరి మాటకు చిన్న సవరణ. పంపరపనస తినవద్దనడం సరైనదే, కాని అది గ్రేప్‌ఫ్రూట్ మాదిరిగా మందును విరిచే ఎంజైమును అడ్డుకుని రక్తంలో ఇమాటినిబ్‌ను పెంచుతుంది, తగ్గించదు. దాని వల్ల వాపులు, వికారం వంటి దుష్ప్రభావాలు పెరగవచ్చు గాని వ్యాధి సంఖ్య పెరగదు. నేరం పండు మీద వేసి అసలు కారణాన్ని వదిలేయకూడదని వ్రాస్తున్నాను.


ప్రశ్న వ్రాసినవారి జవాబు
వ్రాసినవారు: వైనతేయ తీరం

అందరికీ కృతజ్ఞతలు. మీరు అడిగినవన్నీ ఒక్కొక్కటిగా కనుక్కున్నాను.

రక్తం ఇచ్చినది శనివారం. ల్యాబులో అందినట్టు నమోదైనది మంగళవారం. ఏబీఎల్1 ప్రతులు 8,400 అని ఫోనులో చెప్పారు. అంతర్జాతీయ స్కేలు గుణకం తమ దగ్గర లేదన్నారు.

బిళ్లల సంగతి అడగడానికి నాకు రెండు రోజులు పట్టింది. నాన్నగారిని "మందు సరిగా వేసుకుంటున్నారా" అని అడగడం మా ఇంట్లో అంత తేలిక కాదు. అందుకని అడగకుండా లెక్కపెట్టాను. సెప్టెంబరు మొదటి తేదీన మూడు నెలలకు సరిపడా 90 బిళ్లలు తెచ్చాను. నవంబరు నెలాఖరుకు ఒక్కటి కూడా మిగలకూడదు. ఆయన మంచం కింద ట్రంకుపెట్టెలో 17 దొరికాయి. అంటే ఆయన వేసుకున్నవి 81 శాతం. అప్పుడు కూర్చుని నెమ్మదిగా అడిగితే చెప్పారు. కార్తిక సోమవారాలు ఉపవాసం కనుక ఖాళీ కడుపుతో వేసుకుంటే వాంతి వస్తుందని నాలుగు మానేశారు. కొబ్బరి దింపులు ఉన్న రోజుల్లో తెల్లవారుజామునే తోటకు వెళ్లి, టిఫిను ఏ పదకొండింటికో తినడం వల్ల కొన్ని తప్పాయి. మిగిలినవి కావాలనే మానేశారు. రాత్రిళ్లు పిక్కలు పట్టేసి నిద్ర ఉండడం లేదని, బిళ్ల మానేసిన మర్నాడు కొంత నయంగా ఉంటుందని కనిపెట్టారట. ఈ మాట ఐదేళ్లలో అమ్మకు కూడా చెప్పలేదు.

పంపరపనస చెట్టు ఉన్న మాట నిజమే. ఆయన తినరు, పులుపని.


సమాధానం 5
వ్రాసినవారు: పీసీఆర్ బల్ల

8,400 అన్న సంఖ్య ఇచ్చినందుకు సంతోషం. అందులో 0.31 శాతం అంటే సుమారు 26 ప్రతులు. మూడు రోజులు ప్రయాణం చేసిన నమూనాలో కూడా 26 కనిపించాయంటే అది శూన్యం మీద పుట్టిన భ్రమ కాదు, ఏదో ఉంది. కాని అంత తక్కువ ప్రతుల మీద వేసిన శాతం చాలా ముతక లెక్క. ఆ 26 మరో రోజున 18 కావచ్చు, 35 కావచ్చు. దాని మీద ఏ నిర్ణయమూ ఆనించకండి. మళ్లీ పరీక్ష చేయించేటప్పుడు పాత ల్యాబుకే, వారం మొదట్లో, ఈడీటీఏ గొట్టాల్లో, కనీసం పది మిల్లీలీటర్లు ఇవ్వండి. గొట్టాలను ఫ్రీజరులో పెట్టవద్దని కలెక్షన్ వారికి గట్టిగా చెప్పండి, గడ్డకట్టిన రక్తం మాకు పనికిరాదు. ఐసు ప్యాకులతో చల్లగా ఉంచితే చాలు.

మరొక మాట. క్షయ నిర్ధారణకు ఆసుపత్రుల్లో వాడే జీన్‌ఎక్స్‌పర్ట్ యంత్రంలోనే వేరే కార్ట్రిడ్జితో ఈ పరీక్ష కూడా చేసే చోట్లు ఉన్నాయి, అందులో ఫలితం అంతర్జాతీయ స్కేలులోనే వస్తుంది. దూరాభారం తగ్గుతుందని మీరు ఎప్పుడైనా అటు మారదలిస్తే, మొదట 2019 నాటి రిపోర్టులో మీ నాన్నగారి జన్యు ప్రతి ఏ రకమో చూడండి. ఈ13ఏ2 గాని ఈ14ఏ2 గాని అయితే ఫరవాలేదు. అరుదైన రకమైతే ఆ కార్ట్రిడ్జి దాన్ని పట్టుకోదు, "కనిపించలేదు" అని వస్తుంది, ఇంట్లో పండుగ చేసుకుంటారు, లోపల వ్యాధి పెరుగుతూ ఉంటుంది.


సమాధానం 6
వ్రాసినవారు: గౌతమి హెమటాలజీ

మీరు అడగకుండా లెక్కపెట్టడం చాలా మంచి పని. నాన్నగారిని తప్పుపట్టకండి. పిక్కలు పట్టేయడం ఇమాటినిబ్ వాడేవారిలో చాలామందికి ఉంటుంది, దాన్ని తగ్గించే మార్గాలు ఉన్నాయి, కాల్షియం, మెగ్నీషియం స్థాయిలు చూడవలసి ఉంటుంది, అవసరమైతే వేరే మందుకు మారే అవకాశమూ ఉంది. కాని డాక్టరుకు చెప్పకపోతే ఇవేవీ జరగవు. మందు పనిచేయక సంఖ్య పెరగడం వేరు, మందు లోపలికి వెళ్లక పెరగడం వేరు. మొదటిదని పొరబడి మందు మారిస్తే, పనిచేసే మందును చేజేతులా పోగొట్టుకున్నట్టు అవుతుంది.

కార్తిక సోమవారం విషయంలో, నక్షత్ర దర్శనం అయ్యాక భోజనం చేస్తారు గదా. ఈ బిళ్ల రోజుకు ఒక్కసారే, కడుపు నిండా తిని పెద్ద గ్లాసు నీళ్లతో వేసుకోవలసినది. రోజూ రాత్రి భోజనంతోనే వేసుకునేలా మార్చుకోవచ్చునేమో మీ డాక్టరు గారిని అడగండి. అప్పుడు ఉపవాసమూ భంగం కాదు, కొబ్బరి దింపులూ అడ్డురావు. తప్పిన బిళ్లకు మర్నాడు రెండు కలిపి వేసుకోవడం మాత్రం వద్దు.


ప్రశ్న వ్రాసినవారి జవాబు
వ్రాసినవారు: వైనతేయ తీరం

ఫలితం వచ్చింది, ఇలాంటి సందేహం ఉన్నవారికి పనికివస్తుందని వ్రాస్తున్నాను. పాత ల్యాబులో, సోమవారం ఇచ్చిన నమూనా మీద, అంతర్జాతీయ స్కేలులో 0.09 శాతం. ఏబీఎల్1 ప్రతులు 62,000. జన్యు ప్రతి రకం ఈ14ఏ2 అని 2019 రిపోర్టులో ఉంది.

డాక్టరు గారు టీచరమ్మ గారు చెప్పిన పద్ధతిలో నేను వ్రాసుకెళ్లిన పట్టికను, 17 బిళ్లల లెక్కను చూశారు. 0.1 దిగువనే ఉంది కాబట్టి హెచ్చరిక స్థాయి దాటలేదని, అయినా ఇన్నాళ్లూ 0.03 దగ్గర ఉన్న మనిషికి 0.09 అంటే మూడింతలు కనుక దీన్ని ల్యాబు ఊగిసలాట కింద కొట్టివేయనని అన్నారు. మందు మార్చలేదు. రాత్రి భోజనంతో వేసుకోమన్నారు, పిక్కల నొప్పికి రక్తంలో లవణాలు చూసి మందు ఇచ్చారు. మూడు నెలలు ఆగకుండా ఆరు వారాల్లో ఒకసారి, తరువాత మళ్లీ మూడు నెలలకు పరీక్ష చేయించమన్నారు. ఆ రెండింటిలోనూ సంఖ్య దిగకపోతే మ్యుటేషన్ పరీక్ష సంగతి ఆలోచిద్దామన్నారు.

మొదటి నమూనా ఫిబ్రవరి రెండో సోమవారం ఇస్తాము. నాన్నగారు ఇప్పుడు బిళ్ల వేసుకున్నాక ఖాళీ స్ట్రిప్పును పారేయకుండా బల్ల మీద నాకు కనిపించేలా పెడుతున్నారు.